నెల్లూరు, ఒంగోలు నుంచి విమాన ప్రయాణం: దూరం, సమయం లెక్కగట్టే పద్ధతి

నెల్లూరు నుంచి కువైట్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు అని ఫోన్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుంది. చాలాచోట్ల నెల్లూరు నడిబొడ్డు నుంచి కువైట్ సిటీ నడిబొడ్డుకు ఒక గీత గీసి, దాన్ని విమానం వేగంతో భాగించి ‘నాలుగున్నర గంటలు’ అని రాసేస్తారు. నెల్లూరులో విమానం ఎక్కే వీలే లేదన్న సంగతి ఆ లెక్కకు పట్టదు. దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఏళ్ల తరబడి వింటున్నాం, ఒంగోలు వైపూ అదే తంతు. కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే ఉన్న మాట నిజమే కానీ, అది వాయుసేన అత్యవసరానికి వేసింది. కాబట్టి మన లెక్క ఎప్పుడూ మీనంబాకం (చెన్నై), రేణిగుంట (తిరుపతి), గన్నవరం (విజయవాడ), శంషాబాద్ (హైదరాబాద్) ఎయిర్‌పోర్టులలో ఏదో ఒకదాని నుంచి మొదలవ్వాలి.

మొత్తం ప్రయాణాన్ని నాలుగు ముక్కలుగా చూడాలి: ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా, ఎయిర్‌పోర్టు లోపల, విమానంలో, దిగాక గమ్యం దాకా. విమానంలో పట్టే సమయాన్ని ఎంత మోటుగా లెక్కేసినా తేడా సాధారణంగా గంటకు మించదు. రోడ్డు లెక్క తప్పితే మాత్రం టికెట్టు డబ్బులు గంగపాలు. అందుకే మొదట రోడ్డు సంగతి తేల్చుకుని, ఆకాశం సంగతి తర్వాత చూద్దాం.

ఏ ఊరి వాళ్లు ఏ ఎయిర్‌పోర్టుకు

నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు సుమారు 185 కి.మీ. హైవే ఎంత బాగున్నా ఇది మూడు గంటల దారి కాదు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాకా బండి సాఫీగానే పోతుంది. గుమ్మిడిపూండి దాటాక ఎన్నూరు, కాట్టుపల్లి ఓడరేవుల కంటైనర్ లారీలు వచ్చి కలుస్తాయి. రెడ్‌హిల్స్ నుంచి చివరి నలభై కిలోమీటర్లకు పట్టే సమయమే మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. అర్ధరాత్రి దాటాక బయలుదేరితే మూడున్నర గంటలు, పగలు నాలుగుంపావు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర మధ్య చెన్నైలో అడుగుపెట్టేలా ఉంటే ఐదు గంటలు వేసుకోండి. మ్యాపు చూపే సమయం మీరు చూసిన క్షణానిది. రాత్రి పదింటికి చూసి, మర్నాడు సాయంత్రం ప్రయాణానికి అదే అంకె రాసుకోకూడదు. మ్యాపులోనే బయలుదేరే వేళ మార్చి చూసే వీలుంది, దాన్ని వాడండి.

నెల్లూరు నుంచి తిరుపతి ఎయిర్‌పోర్టు నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా సుమారు 125 కి.మీ. రెండుంపావు, రెండున్నర గంటల దారి. ఊరి ట్రాఫిక్ దాదాపు తగలదు, ఎందుకంటే ఎయిర్‌పోర్టు తిరుపతిలో కాదు, రేణిగుంట దగ్గరుంది. గూడూరు నుంచి రేణిగుంటకు నేరుగా రైలు మార్గం ఉంది కాబట్టి గూడూరు, వెంకటగిరి వాళ్లు రేణిగుంట జంక్షన్‌లో దిగి ఆటోలో వెళ్లిపోవచ్చు. అయితే ఇక్కడి నుంచి దొరికే విమానాలు తక్కువ. ఒకటి రద్దయితే, అదే పూట ఇంకొకటి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఒంగోలు వాళ్లకు గన్నవరం సుమారు 165 కి.మీ., చిలకలూరిపేట, గుంటూరు, విజయవాడ మీదుగా మూడుంపావు గంటలు. అదే ఒంగోలు నుంచి మీనంబాకం 300 కి.మీ. పైమాటే, ఆరు గంటలు. దేశంలో తిరిగే ప్రయాణానికి ఒంగోలు మనిషి చెన్నై వైపు చూడాల్సిన పని సాధారణంగా ఉండదు. గల్ఫ్‌కు నేరుగా పోవాలంటే గన్నవరంలో ఎంపిక తక్కువ, అప్పుడు చెన్నైనో శంషాబాదో తప్పదు. ఒంగోలు నుంచి శంషాబాద్‌కు అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి దారిలో ఆరున్నర గంటలు వేసుకోవాలి.

చెన్నై, గన్నవరం వైపులకు మధ్య సరిహద్దు కావలి పట్టణం. అక్కడి నుంచి మీనంబాకం, గన్నవరం రెండూ 230, 240 కి.మీ. దరిదాపులో ఉంటాయి. కావలికి ఉత్తరాన, అంటే సింగరాయకొండ, కందుకూరు వాళ్లకు గన్నవరం దగ్గర. దక్షిణాన కొడవలూరు, కోవూరు, నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. కావలి వాళ్లు మాత్రం దూరం చూడనక్కర్లేదు, విమానం వేళ చూసి తేల్చుకోవాలి. పొద్దున్నే ఎక్కేదైతే ఏ వైపైనా ఒకటే. సాయంత్రం విమానమైతే గన్నవరం నయం, విజయవాడ ట్రాఫిక్ చెన్నై అంత మొండిది కాదు.

పశ్చిమ ప్రకాశం వాళ్లకు ఒక హెచ్చరిక. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి శంషాబాద్‌కు దోర్నాల, శ్రీశైలం, మన్ననూరు దారి దగ్గరగా కనిపిస్తుంది. అది పులుల అభయారణ్యం. అటవీ చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలవు. తెల్లవారుజాము విమానానికి ఈ దారిని లెక్కలో పెట్టుకుంటే గేటు దగ్గరే తెల్లారుతుంది. మ్యాపు ఒక్కోసారి ఈ సంగతి చెప్పదు.

రైలూ బస్సూ వాడేవాళ్లు చివరి ముక్కను మర్చిపోతుంటారు. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్ రైల్లో సుమారు 175 కి.మీ., బండిని బట్టి రెండున్నర నుంచి మూడుంపావు గంటలు. సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో నీలి లైను నేరుగా పోతుంది, ప్రయాణం నలభై నిమిషాలు. ప్లాట్‌ఫారం నుంచి పెట్టెలు లాక్కుంటూ మెట్రో కిందికి దిగి టికెట్ తీసుకోవడానికి ఇరవై నిమిషాలు కలపండి. మెట్రో అర్ధరాత్రి నడవదు. తెల్లవారుజాము విమానం వాళ్లకు అది పనికిరాదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ లాంటి తాంబరం దాకా పోయే బండి దొరికితే ఇంకా సుఖం. తాంబరంలో లోకల్ మారి శానటోరియం, క్రోంపేట, పల్లావరం దాటి తిరుశూలంలో దిగితే ఎదురుగా ఎయిర్‌పోర్టే. ఆర్టీసీ బస్సు ఎక్కేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆంధ్రా బస్సులు ఎక్కువగా మాధవరం దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు ఊరికి అటు చివర, గంట నుంచి గంటన్నర పని.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం

విమాన దూరం అంటే భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. దాన్ని లెక్కగట్టడానికి రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం చాలు. ఊరివి కాదు, ఎయిర్‌పోర్టువి. మ్యాపులో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. తరచుగా పనికొచ్చేవి ఇవి:

చెన్నై: 12.99, 80.17
తిరుపతి: 13.63, 79.54
గన్నవరం: 16.53, 80.80
శంషాబాద్: 17.24, 78.43
ఢిల్లీ: 28.56, 77.10
దుబాయ్: 25.25, 55.36
కువైట్: 29.23, 47.97

దేశం లోపల, పదిహేను వందల కిలోమీటర్ల దాకా, బడిలో నేర్చిన పైథాగరస్ చాలు. అక్షాంశాల తేడాను 111తో గుణించండి. రేఖాంశాల తేడాను కూడా 111తో గుణించి, దాన్ని మళ్లీ రెండు అక్షాంశాల సగటుకు కాస్ (క్యాలిక్యులేటర్‌లో cos) విలువతో గుణించండి. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాల మధ్య ఎడం తగ్గుతుంది, ఆ తరుగుదలే ఈ కాస్. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే దూరం వచ్చినట్టే.

చెన్నై నుంచి శంషాబాద్ చూద్దాం. అక్షాంశాల తేడా 4.25, అంటే 472 కి.మీ. రేఖాంశాల తేడా 1.74, అంటే 193. సగటు అక్షాంశం 15.1 డిగ్రీలు, దాని కాస్ 0.9655, గుణిస్తే సుమారు 186. ఈ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం 507 కి.మీ. గన్నవరం నుంచి ఢిల్లీ ఇదే పద్ధతిలో సుమారు 1,390, శంషాబాద్ నుంచి తిరుపతి 418 వస్తాయి.

గల్ఫ్, అమెరికా దూరాలకు ఇది పనికిరాదు, గోళం వంపును లెక్కలోకి తీసుకోవాలి. సూత్రం చూడ్డానికి పొడుగ్గా ఉన్నా, ఫోన్‌లోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో రెండు నిమిషాల పని. చెన్నై నుంచి కువైట్‌కు వరుసగా ఇలా చేయాలి:

1. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. సైన్ 12.99 × సైన్ 29.23 = 0.2248 × 0.4883 = 0.1098.
2. రెండు అక్షాంశాల కాస్‌లు గుణించండి. 0.9744 × 0.8727 = 0.8504.
3. రేఖాంశాల తేడా 80.17 − 47.97 = 32.20. దాని కాస్ 0.8462. రెండో మెట్టు ఫలితాన్ని దీంతో గుణిస్తే 0.7196.
4. ఒకటో మెట్టు, మూడో మెట్టు కలిపితే 0.8294.
5. దానికి కాస్ ఇన్వర్స్ (cos⁻¹) తీస్తే 33.96 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున 3,776. అంకెల్ని కుదించి వాడాం కాబట్టి 3,780 కి.మీ. అనుకోవడమే మేలు.

భూమి నిఖార్సైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటుంది. దానివల్ల వచ్చే తేడా వందకు అర కిలోమీటరు లోపే, మన అవసరానికి లెక్కలోకి రాదు. లెక్క తప్పేది ఈ కింది చోట్ల.

క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణానికి ఇంకో కొలత) ఉండిపోవడం అన్నిటికంటే మామూలు పొరపాటు. మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టి చూడండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. మైనస్ 0.988 వస్తే రేడియన్లలో ఉంది, మార్చుకోండి. రెండోది, డిగ్రీలు-నిమిషాలను దశాంశాలుగా చదవడం. 12 డిగ్రీల 59 నిమిషాలంటే 12.59 కాదు. 59ని 60తో భాగించి కలపాలి, 12.98 అవుతుంది. ఈ ఒక్క తప్పుతో చెన్నై ఎయిర్‌పోర్టు నలభై కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగిపోతుంది. మూడోది, అమెరికా ఊళ్ల రేఖాంశానికి ముందున్న మైనస్ గుర్తును వదిలేయడం. డాలస్ మైనస్ 97.04 కాబట్టి చెన్నైతో తేడా 177.21, దాన్ని 16.87గా తీసుకుంటే అమెరికా వచ్చి మన పక్కన కూర్చుంటుంది. నాలుగోది మైళ్ల తికమక. విమానయానంలో వాడేది నాటికల్ మైలు, 1.852 కి.మీ. మామూలు మైలు 1.609. చెన్నై-కువైట్ 2,040 నాటికల్ మైళ్లు అని ఎక్కడైనా చూసి, మామూలు మైళ్లనుకుని మారిస్తే 500 కి.మీ. తగ్గిపోతుంది.

ఇంత లెక్క వద్దనుకునేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సాధనం వాడొచ్చు. ఒక రన్‌వే మీద నొక్కి, రెండో రన్‌వే దాకా గీత లాగితే నేరు దూరం చూపిస్తుంది. ‘డైరెక్షన్స్’ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం, అది వేరు.

దూరం నుంచి గంటలకు

ఏ విమానమూ ఈ గీత మీద అచ్చంగా పోదు. ఎగిరిన రన్‌వే దిక్కు నుంచి మళ్లి నిర్ణీత వాయుమార్గం పట్టుకోవాలి, దిగేటప్పుడు వరుస కోసం చుట్టు తిరగాలి. అందుకని నేరు దూరానికి వందకు ఐదు, తక్కువ దూరాలకు వందకు ఎనిమిది కలపండి. మూసేసిన గగనతలం ఉంటే ఇంకా పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి దక్షిణంగా చుట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. చెన్నై నుంచి గల్ఫ్ దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి ఆ ఇబ్బంది మనవాళ్లకు పెద్దగా తగల్లేదు.

తర్వాత విమానం రకం చూడాలి. టికెట్టు మీద ఎయిర్‌బస్ ఏ320, ఏ321, బోయింగ్ 737 అని ఉంటే జెట్, గంటకు 830 కి.మీ. వేసుకోండి. ఏటీఆర్ అని ఉంటే రెక్కలకు పంకాలున్న చిన్న విమానం, గంటకు 500. తిరుపతి, కడప లాంటి చోట్లకు తిరిగేవాటిలో ఏటీఆర్‌లు ఎక్కువ. వచ్చిన సమయానికి జెట్‌కు అరగంట, ఏటీఆర్‌కు ఇరవై నిమిషాలు కలపాలి. గేటు వదిలి రన్‌వే చేరడం, పైకెక్కడం, దిగడం, మళ్లీ గేటు చేరడం అన్నీ నెమ్మదిగా సాగే పనులు, ఆ కలిపేది వాటికోసం. టికెట్టు మీద ఉండే సమయం కూడా గేటు నుంచి గేటుకే.

చెన్నై నుంచి కువైట్: 3,780కి వందకు ఐదు కలిపితే 3,970. 830తో భాగిస్తే 4 గంటల 47 నిమిషాలు. అరగంట కలిపితే 5 గంటల 17 నిమిషాలు. చెన్నై నుంచి దుబాయ్ నేరు దూరం సుమారు 2,930, సమయం నాలుగుంపావు గంటలు. చెన్నై నుంచి శంషాబాద్ గంటా పది నిమిషాలు. శంషాబాద్ నుంచి తిరుపతి దూరంలో దానికంటే తక్కువైనా ఏటీఆర్‌లో గంటా పావు పడుతుంది.

పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ సమయం ఒకటి కాదు. చలికాలంలో ఉత్తర భారతం మీదా, గల్ఫ్ మీదా ఎత్తులో పడమటి గాలి బలంగా వీస్తుంది. కువైట్ పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదానికి తోడు. అందుకే పోవడానికి ఐదుంపావు పట్టే దారి, రావడానికి నాలుగున్నర, నాలుగుమ్ముప్పావులో అయిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద పైగాలి దిశ తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి ఆ నెలల్లో మన వైపున ఈ తేడా కొంత తగ్గుతుంది. అసలు సంగతి కచ్చితంగా తెలియాలంటే విమానాల రాకపోకలు చూపే ఫ్లైట్‌రాడార్24లో మీ విమానం నంబరు కొట్టి, గడిచిన వారం రోజుల్లో ఏ రోజు ఎప్పుడు ఎగిరింది, ఎప్పుడు దిగింది చూడండి. వారంలో నాలుగు రోజులు గంట ఆలస్యమైన విమానం మీ రోజున మాత్రం వేళకు వస్తుందని ఆశపడకండి.

టికెట్టు మీది గడియారం

టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. చెన్నైలో 01:40కి ఎక్కి కువైట్‌లో 04:25కి దిగుతారని ఉంటే ప్రయాణం మూడు గంటల లోపే అనుకోకూడదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. రెండు సమయాల తేడా 2:45కి ఆ రెండున్నర కలిపితే 5:15, అదీ అసలు సమయం. తిరుగు ప్రయాణంలో ఆ రెండున్నర తీసేయాలి. కువైట్‌లో 18:00కి ఎక్కితే చెన్నైలో 01:05 అని ఉంటుంది, తేడా 7:05, రెండున్నర తీస్తే 4:35. ఆ 01:05 పక్కన చిన్నగా +1 అని ఉంటుంది, మర్నాడు అని దాని భావం.

సౌదీ, ఖతార్, బహ్రెయిన్‌లు కూడా మనకంటే రెండున్నర గంటలు వెనకే. దుబాయ్, మస్కట్ గంటన్నర. సింగపూర్ రెండున్నర గంటలు ముందు. గల్ఫ్‌లో ఏడాది పొడుగునా ఇదే, మారదు. అమెరికా, బ్రిటన్ మాత్రం ఎండాకాలంలో గడియారం గంట ముందుకు జరుపుతాయి. డాలస్‌కు మనకూ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటల తేడా, మిగతా రోజుల్లో పదకొండున్నర.

డబ్బు పోగొట్టే పొరపాట్లలో అర్ధరాత్రి తేదీదే మొదటి స్థానం. టికెట్టు మీద ‘ఆగస్టు 15, 01:40’ అని ఉంటే ఇంట్లో బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. పదిహేనో తారీకు ప్రయాణమని 15 పగలంతా పెట్టెలు సర్దుకుని రాత్రికి మీనంబాకం చేరేసరికి విమానం పోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది. గల్ఫ్ విమానాలు చాలా రాత్రి పన్నెండు నుంచి ఐదు మధ్య ఉంటాయి కాబట్టి ఇది అరుదైన పొరపాటేం కాదు. టికెట్టు చేతికి రాగానే దాని మీద ‘ఇంట్లో బయలుదేరేది: 14, గురువారం సాయంత్రం’ అన్నట్టు వారం పేరుతో సహా రాసి పెట్టండి.

వెనక్కి లెక్కేసుకునే విధానం

ఎప్పుడు బయలుదేరాలో తెలియాలంటే విమానం వేళ నుంచి వెనక్కి రావాలి. దేశంలో తిరిగే విమానాలకు లగేజీ కౌంటరు సాధారణంగా గంట ముందు మూసేస్తారు. విదేశాలకు పోయేవాటికి గంట నుంచి గంటంబావు ముందు. ఎక్కే గేటు దాదాపు ఇరవై ఐదు నిమిషాల ముందు మూత పడుతుంది. టికెట్టు మీది వేళ గేటు మూసే వేళ కాదు, విమానం కదిలే వేళ. కౌంటరు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలి వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు, ఎందుకంటే లగేజీ తీసుకోవడం అప్పటికే ముగిసిపోతుంది. దేశీయానికి రెండు గంటల ముందు, విదేశానికి మూడు గంటల ముందు చేరేలా చూసుకోవాలి. ఈసీఆర్ ముద్ర (విదేశీ ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) ఉన్న పాస్‌పోర్టుతో మొదటిసారి గల్ఫ్ పోయేవాళ్లకు ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు ఎక్కువ, ఇంకో అరగంట కలపండి.

01:40 విమానానికి నెల్లూరు నుంచి లెక్క ఇలా ఉంటుంది. 01:40 నుంచి మూడు గంటలు వెనక్కి వస్తే 22:40, అప్పటికి ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఉండాలి. రోడ్డుకు నాలుగుంపావు తీస్తే 18:25. దారిలో టీ, భోజనం, టైరు పంక్చరు, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక టోల్‌గేటు దగ్గర ఆగడం, వీటికి ఇరవై ఐదు నిమిషాలు. సాయంత్రం ఆరింటికి కారు కదలాలి. ఉదయగిరి వాళ్లయితే నెల్లూరు చేరడానికే రెండు గంటలు, నాలుగింటికే బయలుదేరాలి. చెన్నైలో దేశీయ విమానాలకు టెర్మినల్ 1, 4, విదేశాలకు టెర్మినల్ 2. డ్రైవరుకు ముందే చెప్పండి. తప్పు టెర్మినల్ దగ్గర దిగితే లగేజీతో నడవడానికే పావుగంట.

సెక్యూరిటీ దగ్గర సమయం తినేది చేతి సంచిలోని ఊరగాయ, నెయ్యి. ద్రవంగా కనిపించే ప్రతిదానికీ సంచి విప్పిస్తారు, చివరికి చెత్తడబ్బాలో పడేయిస్తారు. ఆవకాయ గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టాలి. గల్ఫ్ పోయేవాళ్లు గసగసాలు ఎందులోనూ పెట్టుకోకూడదు, అక్కడ అది మాదకద్రవ్యాల కేసు.

విమానం దండగైన దారులు

నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు చెన్నై మీదుగా విమానం: రోడ్డు నాలుగుంపావు, ఎయిర్‌పోర్టులో రెండు, గాల్లో గంటా పది, లగేజీకి అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్లోకి గంట. దాదాపు తొమ్మిది గంటలు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే అంతే సమయానికి సికింద్రాబాద్‌లో లేస్తారు, ఖర్చులో పోలికే లేదు. తిరుపతి నుంచి విమానమైతే ఏడు గంటలకు కాస్త పైన. అత్యవసరమైతే ఆ రెండు గంటల లాభం చూసుకోవచ్చు. ఒంగోలు-హైదరాబాద్ మధ్య విమానం గురించి ఆలోచించడమే అనవసరం, అద్దంకి దారిలో కారు ముందు చేరుతుంది. ఢిల్లీకి మాత్రం సందేహం లేదు. ఒంగోలు నుంచి గన్నవరం మీదుగా రోడ్డు మూడుంపావు, నిరీక్షణ రెండు, గాల్లో రెండుంపావు, దిగాక ముప్పావు గంట, వెరసి ఎనిమిదింబావు. అదే చెన్నై మీదుగా పోతే పదకొండున్నర.

విమానం మారాల్సి వస్తే రెండూ ఒకే టికెట్టు మీద ఉన్నాయా లేదా చూడండి. ఒకటే అయితే మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత కంపెనీది. విడివిడిగా చౌకగా కొన్నవైతే మధ్యలో లగేజీ తీసుకుని, మళ్లీ కౌంటరులో ఇచ్చి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. నాలుగు గంటల ఎడం లేకుండా అలాంటివి కొనొద్దు. విదేశం నుంచి వచ్చి శంషాబాద్‌లో మారి తిరుపతికో గన్నవరానికో పోయేవాళ్లకు ఒకే టికెట్టైనా సాధారణంగా ఇమిగ్రేషన్, కస్టమ్స్ శంషాబాద్‌లోనే. పెట్టె అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. ముంబైలో మారేటప్పుడు టెర్మినల్ 1 నుంచి 2కి వెళ్లాలంటే రోడ్డెక్కాల్సిందే.

ఏ కాలంలో ఎంత కలపాలి

అక్టోబరు చివర నుంచి డిసెంబరు మధ్య దాకా మన తీరానికి తుపాను కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరు ఉత్తరాన ఉన్నవాళ్లకు చెన్నై దారి మూసుకుపోయింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకు చెన్నై రన్‌వే మీదే నీళ్లు నిలిచి ఎయిర్‌పోర్టు మూతపడింది. ఈ నెలల్లో విదేశీ ప్రయాణం ఉంటే వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ఒక రోజు ముందే చెన్నై చేరి గది తీసుకోవడం మేలు. గది అద్దె తప్పిపోయిన టికెట్టు కంటే చౌక. తుపాను రోజున ముందు తెలుసుకోవాల్సింది రోడ్డు సంగతి కాదు, విమానం ఉందా లేదా అన్నది. విమానమే రద్దయ్యాక తడిసి ముద్దవుతూ పోవడం దండగ.

భోగినాడు చెన్నైకి పొద్దుటి విమానం పెట్టుకోకండి. ఊరంతా వేసే మంటల పొగ మంచుతో కలిసి రన్‌వే కనిపించదు, 2018 భోగికి విమానాలు బెంగళూరు, హైదరాబాద్‌లకు మళ్లాయి. సంక్రాంతి ముందు రోజుల్లో చెన్నై నుంచి ఆంధ్రా వైపు వచ్చే హైవే కిక్కిరిసి ఉంటుంది, పండగయ్యాక అటువైపు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు సంగతి తెలిసిందే. అక్కడ విమానం మారేవాళ్లు తెల్లవారుజాముది కాకుండా మధ్యాహ్నానిది ఎంచుకోవాలి.

తిరిగి వచ్చేవాళ్లను తీసుకురావడానికి

ఎయిర్‌పోర్టులో ఆరేడు గంటలు కూర్చుని ఎదురుచూడ్డం అక్కర్లేని శ్రమ. కువైట్‌లో విమానం గాల్లోకి లేచిందో లేదో ఫోన్‌లో నంబరు కొట్టి చూడండి. అది చెన్నైలో దిగడానికి నాలుగున్నర గంటలు, ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ దాటి మనిషి బయటికి రావడానికి ఇంకో గంట. నెల్లూరు నుంచి కారు నాలుగుంపావు గంటల్లో పోతుంది. అంటే విమానం లేచిన గంటకు ఇంట్లో బయలుదేరినా సమయానికి చేరతారు, రాత్రి వేళైతే ఇంకో ముప్పావు గంట ఆగొచ్చు. ఒంగోలు నుంచి వచ్చేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఆరు గంటల దారి కాబట్టి విమానం లేవక ముందే కదలాలి. బయలుదేరే ముందు లోపలి మనిషికి స్థానిక సిమ్ ఉందో లేదో కనుక్కోండి. గల్ఫ్ సిమ్ ఇక్కడ పనిచేయకపోతే ఏ గేటు దగ్గర, ఏ స్తంభం నంబరు దగ్గర నిలబడాలో విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో అనుకోవాలి.